పెంచలయ్యకు గార్డియన్‌ను ఎందుకు పెట్టించలేదంటే

ఆత్మకూరులో ముప్పై నాలుగేళ్లు ప్లీడరుగా చేశాను. మోకాళ్లు కోర్టు మెట్లు ఎక్కనివ్వకపోవడంతో కిందటేడు నల్లకోటు పెట్టెలో పెట్టేశాను. ఇప్పుడు ఉదయగిరిలో, కొండ కింద మా ఇంటి వసారాలో కూర్చుంటే, కొత్తగా బార్‌లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు సలహా కోసం వస్తుంటారు. వాళ్లకు చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి ఇది రాస్తున్నాను. నేను గెలిచిన కేసుల జాబితా ఇందులో ఉండదు. అవి వినేది మా ఆవిడ ఒక్కతే, ఆవిడ కూడా ఈమధ్య వినడం మానేసింది.

నేను రాసేది ఒకే ఒక్క విషయం. ఈడొచ్చిన ఒక మనిషికి బుద్ధిమాంద్యం ఉంటుంది. ఇంట్లోవాళ్లు మన దగ్గరికి వచ్చి "గార్డియన్ కాగితం కావాల సార్" అంటారు. రేషన్ కార్డు అడిగినట్టే అడుగుతారు. ఆ కాగితం ఏం చేస్తుందో వాళ్లకు తెలియదు. చాలాకాలం నాకూ తెలియదు. ఒక మనిషి బతికి ఉండగానే అతని మాట చెల్లకుండా చేసి, అతని బదులు ఇంకొకరి మాట చెల్లేలా చేస్తుంది. కొందరికి అది తప్పదు. లారీ గుద్ది, నెలల తరబడి కళ్లు తెరవని మనిషికి నేనే పెట్టించాను, రెండో ఆలోచన లేకుండా పెట్టించాను. కానీ నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కావలసింది అది కాదు. ఆ సంగతి నేను చేతులు కాలాక తెలుసుకున్నాను.

కోటమ్మ సంతకం

అప్పటికి నేను నల్లకోటు వేసి నాలుగేళ్లు. వరికుంటపాడు దగ్గర పల్లె నుంచి ఒక పెద్దమనిషి తన మేనకోడల్ని వెంటబెట్టుకుని మా సీనియర్ దగ్గరికి వచ్చాడు. మేనకోడలంటే చిన్నపిల్ల కాదు, ముప్పై ఏళ్ల మనిషి. పేరు కోటేశ్వరమ్మ, అందరూ కోటమ్మ అంటారు. తల్లీ తండ్రీ పోయారు. ఆమెకు మాట నిదానం, అర్థం చేసుకోవడం ఇంకా నిదానం. ఆమె పేరున ఉన్న పొలాన్ని ఎవడైనా వేలిముద్ర వేయించుకుని కాజేస్తాడేమోనని మామ భయం. భయం న్యాయమైనదే, మనిషీ మంచివాడే.

మా సీనియర్ గట్టి ప్లీడరు. ఆయన కట్టిన ఫైలులో ఎదుటివాడికి వేలు పెట్టే సందు దొరికేది కాదు. "క్లయింటు అడిగింది చెయ్యి, అడగంది తడమొద్దు" అనేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో సగం ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఈ మాట మాత్రం నన్ను ముంచింది. ఎందుకంటే మా క్లయింటు ఎవరో మేం ఆరోజు తేల్చుకోలేదు. ఫీజు ఇచ్చింది మామ కాబట్టి మామే అనుకున్నాం.

కోటమ్మకు పరీక్ష పెట్టింది నేనే. పది నుంచి ఒకటి దాకా వెనక్కి చెప్పమన్నాను. వారాల పేర్లు అడిగాను. ఆమె తల వంచుకుని కొంగు నలుపుతూ కూర్చుంది. "ఆలోచించే శక్తి లేదు" అని రాసుకున్నాను. డాక్టరు కూడా దాదాపు అవే అడిగాడు. అప్పటి పాత చట్టం కింద నెల్లూరులో ఆర్డరు వచ్చింది. సీనియర్ నా భుజం తట్టాడు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఎనిమిదేళ్ల తర్వాత ఆత్మకూరు బస్టాండులో ఆమె ఎదురైంది. నేను గుర్తుపట్టలేదు, ఆమే పట్టింది.

"నువ్వు లాయరు గదా" అంది. "మా మామకు కాగితం చేసిచ్చినావే, ఆ లాయరువి."

"అవునమ్మా. బాగుండావా? మామ బాగా చూసుకుంటా ఉండాడా?"

"చూస్తాడు. అన్నం పెడతాడు, కోకలు తెస్తాడు." కొంగు సర్దుకుంది. "నాకు సంతకం వచ్చు. మాయమ్మ పలక మీద దిద్దించింది. నువ్వు కాగితం చేసినాక నన్నెవురూ పెట్టమనలే."

కోపంగా అనలేదు. ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు అంది. నేను ఎదురుగా ఆగిన బస్సెక్కి కూర్చున్నాను. నేను పోవలసింది నెల్లూరు. అది ఉదయగిరి బస్సని కండక్టరు టికెట్ అడిగేదాకా తెలియలేదు.

ఆ వారమే మామ దగ్గరికి పోయాను. ఆయన ఏమీ దాచలేదు. పొలం పొలంగానే ఉంది. "కోర్టోళ్లు నాకే ఇచ్చినారు గదా సార్, ఇంక దాన్ని అడిగేదేముండాది?" అన్నాడు. ఆయనది మోసం కాదు. నేను తెప్పించిన ఆర్డరుకు ఆయన చెప్పిన అర్థమే సరైన అర్థం. నచ్చజెప్పి, ఆ ఆర్డరు తీయించడానికి పిటిషన్ వేశాను. తెప్పించడానికి ఏడాది పట్టింది, తీయించడానికి మూడేళ్లు పట్టింది.

పిటిషన్ మీద సంతకం పెట్టమని కోటమ్మకు పెన్ను ఇచ్చాను. ఆమె మొహం వెలిగిపోయింది. మొదటి అక్షరం రాసింది. తర్వాత చెయ్యి ఆగిపోయింది. పెన్ను పట్టుకుని చాలాసేపు కాగితం వైపు చూసింది, రెండో అక్షరం రాలేదు. చివరికి వేలిముద్రే వేసింది. ఈ వృత్తిలో నేను సిగ్గుపడిన రోజులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడింది ఆరోజే.

రమణమ్మ ఫైలు

ఇది నేను పని మానేయడానికి మూడేళ్ల ముందు సంగతి. రమణమ్మ ఆత్మకూరులో బట్టలు కుట్టే అంగడి నడుపుతుంది. యాభై దాటింది, మొగుడు లేడు, ఎదిగిన కొడుకు ఉన్నాడు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆమె తమ్ముడు పెంచలయ్యకు నలభై రెండేళ్లు. పుట్టినప్పటి నుంచీ బుద్ధిమాంద్యం. దుత్తలూరు అవతల పల్లెలో తల్లి దగ్గర ఉండి గొర్రెలు మేపుకుంటున్నాడు. ఆ వేసవిలో తల్లి పోయింది. పక్కింట్లోనే చిన్నాయన కొడుకు మాలకొండయ్య ఉన్నాడు. రెండిళ్ల గొర్రెలనూ కలిపి ఈ ఇద్దరూ మేపుతారు.

పెంచలయ్య పెన్షన్ ఖాతా వ్యవహారమంతా తల్లే చూసేది. తల్లి పోయాక బ్యాంకులో ఎవరో "గార్డియన్ సర్టిఫికెట్ తెచ్చుకోండమ్మా" అన్నారు. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి: గార్డియన్ కేసుల్లో సగం ఇలా ఏదో ఒక కౌంటరు దగ్గర పుడతాయి. అవతలివాడు ఇంటికి పోయే తొందరలో ఒక మాట అంటాడు, ఇవతలివాళ్లు దాన్ని చట్టం అనుకుని మన దగ్గరికి పరుగెత్తుకొస్తారు.

అయితే రమణమ్మ అసలు భయం బ్యాంకు కాదు. ఆమెకు గుండెలో వాల్వు చెడింది. మద్రాసులో ఆపరేషన్, ఇంకా నెల టైముంది.

"బల్ల మీద నేను పోతే వాడికి దిక్కెవురు సార్?" అంది. "నన్ను గార్డియన్ చెయ్యండి, నా తర్వాత నా కొడుకుని రాయండి. గొర్రెల్ని అమ్మేసి వాణ్ని ఈడికి తెచ్చుకుంటా. అంగడెనక గది ఉండాది. కళ్ల ముందర పడుంటాడు."

"పెంచలయ్యను అడిగినావా?"

"వాణ్ని అడిగేదేంది సార్? గొర్రెల్ని ఇడిసి రానంటాడు. రెండు మాట్లు పిల్చుకొస్తే రెండు మాట్లూ సాయంత్రానికి బస్టాండులో తేలినాడు. వాడికేం తెలుసు?"

కోటమ్మ మామ నోట విన్న మాటే ఇది. ఈసారి ఫైలు కట్టకముందే మనిషిని చూస్తానన్నాను. రమణమ్మకు నచ్చలేదు, కానీ బస్సెక్కించింది.

దొడ్డి దగ్గర

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. అంత దెబ్బ తిన్నవాడిని, ఆ పల్లెకు పోయి నేను చేసిన మొదటి పని మళ్లీ పరీక్ష పెట్టడం. ఇంటి ముందు ఒక కుంటి గొర్రెకు ఆకు వేస్తూ పెంచలయ్య కనిపించాడు. తక్కిన మందను మాలకొండయ్య తోలుకుపోయాడు. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, నా చెప్పుల వైపు చూస్తూ నవ్వుతున్నాడు.

"మీకు ఎన్ని గొర్రెలుండాయి పెంచలయ్యా?" అన్నాను.

"శానా ఉండాయి."

"శానా అంటే? ముప్పయ్యా, నలభయ్యా?"

అక్క వైపు చూశాడు. వేళ్ల వైపు చూసుకున్నాడు. "అన్నీ ఉండాయి" అన్నాడు.

రమణమ్మ నా వైపు తిరిగి, చూసినారా సార్, అన్నట్టు చేతులు తిప్పింది. నేను కూడా సంచీలోంచి నోటు పుస్తకం తీసి "లెక్క తెలియదు" అని రాశాను.

పొద్దు వాలే వేళకు మంద వచ్చింది. దొడ్డికి కంపతో అల్లిన తడిక. పెంచలయ్య దాన్ని ఒక మనిషి పట్టేంత తెరిచి పక్కన నిలబడ్డాడు. గొర్రెలు ఒక్కొక్కటే దూరుతుంటే కొన్నిటి వీపు మీద చెయ్యి వేస్తున్నాడు, కొన్నిటిని అలా చూసి వదిలేస్తున్నాడు. పెదవులు కూడా కదలడం లేదు. చివరి గొర్రె దూరాక తడిక మూయకుండా మాలకొండయ్య వైపు చూశాడు.

"నల్లచెవిది రాలే" అన్నాడు.

మాలకొండయ్య డిగ్రీ చదివినవాడు. "అవునా? ఈనే పొద్దులు గదా, యాడో పొద చాటున ఆగి ఉంటాది. పో, నువ్వే తేవాల" అన్నాడు. పెంచలయ్య కర్ర తీసుకుని వచ్చిన దారినే పోయాడు.

నేను మాలకొండయ్యను అడిగాను. "నువ్వు లెక్కపెట్టుకోలేదా?"

"మా ఇంట్లో ఎవురూ లెక్కపెట్టరు సార్. మా నాయనా పెట్టలే, పెద్దమ్మా పెట్టలే. లెక్కపెడితే ఏం తెలుస్తాది? ఒకటి తగ్గిందని తెలుస్తాది. ఏది తగ్గిందో తెలియొద్దూ?"

"అయితే మీ దగ్గర మొత్తం ఎన్ని ఉండాయో నీకు తెలీదా?"

"సరిగ్గా తెలీదు సార్. అన్నీ ఉండాయా లేదా అని చూసుకుంటాం, అంతే."

పొద్దున్న పెంచలయ్య నాకు చెప్పింది అదే మాట. నా పరీక్షలో అతను తప్పితే, డిగ్రీ చదివిన మాలకొండయ్య కూడా తప్పినట్టే. ఆ పల్లెలో నేను ఎవరినడిగినా గార్డియన్ పెట్టవలసి వచ్చేది. నాకు నా మీద నాకే నవ్వొచ్చింది, కోటమ్మను తలచుకుంటే ఆ నవ్వు నిలవలేదు. నోటు పుస్తకం తీసి ఆ పొద్దు రాసింది కొట్టేశాను.

కాసేపటికి పెంచలయ్య వచ్చాడు. చంకలో అప్పుడే పుట్టిన పిల్ల, వెనకనే అరుస్తూ నల్లచెవి గొర్రె. రమణమ్మ లేచి పోయి పిల్లను తుడవడానికి పాత గుడ్డ తెచ్చింది.

మీకొక మాట చెప్పాలి. పెంచలయ్యలో ఏదో మహత్తు ఉందని నేను చెప్పడం లేదు. అతనికి నోటుకు చిల్లర తెలియదు. మాత్రలు ఇస్తే అన్నీ ఒకేసారి మింగేస్తాడు. సాయం లేకుండా బతకలేడు, అది నిజం. నేను తెలుసుకున్నది చిన్న సంగతే. మనిషికి తెలియనిది అడిగి, ఏమీ తెలియదని రాసుకోవడం నా తప్పు. ఏ పనిలో ఎంత సాయం కావాలో ఒక్కొక్కటే అడగాలి.

తోడు కాగితం

మర్నాడు మాలకొండయ్య అరుగు మీద నలుగురం కూర్చున్నాం. పెంచలయ్య జీవితంలో ఎవరో ఒకరు తేల్చవలసిన పనులు ఏమేం ఉన్నాయో రాశాను. పెన్షన్, ఆసుపత్రి, గొర్రెల అమ్మకం, ఇల్లు. నాలుగంటే నాలుగే వచ్చాయి. ఈ నాలుగింటి కోసం మనిషి నోరు మొత్తం కట్టేయాలా అని రమణమ్మను అడిగాను. ఇక ఒక్కొక్కటీ పెంచలయ్యనే అడిగాను.

"బ్యాంకుకు ఎవురు తోడు రావాల?"

"అక్క."

"జొరమొస్తే?"

"సూదికి అక్క రావాల. అక్క లేకపోతే మాలకొండన్న." కొంచెం ఆలోచించి, "సూది వద్దు" అన్నాడు.

"గొర్రెలమ్మేటప్పుడు?"

"నేను చెప్పినయ్యే అమ్మాల."

మాలకొండయ్య తలూపాడు. "వాడు చెప్పిందే సార్ మేమూ అమ్మేది. రేటు నేను మాట్లాడతా, గొర్రెను వాడు పడతాడు."

"ఆత్మకూరుకు వచ్చి అక్క కాడ ఉంటావా?"

"ఉండను" అన్నాడు. అక్క మొహం చూడకుండా అన్నాడు. రమణమ్మకు ఆపుకున్న కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అమ్మ పోయినాక వాణ్ని కడుపులో పెట్టుకుని చూద్దామనుకుంటే ఉండనంటాడు. మీరేమో అరుగు మీద కాగితాలు రాస్తా ఉండారు. కోర్టు సీలు లేని కాగితం ఎవురికి గావాల సార్? రేపు నేను పోతే ఈ కాగితం వాడికి అన్నం పెడతాదా?"

"పెట్టదు. సీలున్నదీ పెట్టదు రమణమ్మా. పెట్టేది ఈ మాలకొండయ్య." అని, కోటమ్మ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. పెన్ను పట్టుకుని ఆగిపోయిన చెయ్యి గురించి కూడా చెప్పాను. నా తప్పు ఒక క్లయింటుకు నా నోటితో చెప్పుకోవడం అదే మొదటిసారి.

ఆమె చాలాసేపు చీర అంచు కుట్టు సరిచేసుకుంటూ కూర్చుంది. "ఇది కుదరకపోతే?" అంది.

"కుదరకపోతే కోర్టు యాడికీ పోదు. ముందు దీన్ని చూద్దాం."

ఇదే మీకు నేను ఇచ్చే సలహా కూడా. చిన్న కట్టుతో మానే దెబ్బకు కాలు తీసేయకూడదు. ఇప్పటి వికలాంగుల చట్టం కూడా ఆ దారినే నడుస్తుంది. ఇలాంటి మనిషికీ తన సంగతి తాను తేల్చుకునే హక్కు అందరితో సమానంగా ఉంటుందంటుంది. గార్డియన్ తప్పనిసరి అయినా, ఫలానా పనికి, ఫలానా కాలానికి, ఆ మనిషీ గార్డియనూ కలిసి ఆలోచించి తేల్చుకోమంటుంది. చాలామందికి అంతదాకా కూడా అక్కర్లేదు. మేం చేసింది ఇంతే: అక్కా తమ్ముడి పేర్ల మీద జాయింటు ఖాతా, తన తర్వాత తమ్ముడికి ఏం చెందాలో చెప్పే రమణమ్మ వీలునామా, ఎవరు ఏ పనికి తోడుండాలో రాసిన ఒక కాగితం. ఆ కాగితానికి చట్టంలో పేరు లేదు. మేం తోడు కాగితం అనుకున్నాం. దానికి కోర్టు ఆర్డరుకున్న బలం లేదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. దాచితే అది వేరే రకం మోసం. పవరాఫ్ అటార్నీ రాయించేద్దామని కొందరు జూనియర్లు అడ్డదారి చెబుతారు. ఏం రాసిచ్చాడో రాసిచ్చినవాడికి అర్థం కానప్పుడు అది నిలవదు, ఆ జోలికి పోవద్దు.

చదివి వినిపించాక, "ఇంకేమన్నా రాయాలా పెంచలయ్యా?" అన్నాను. ఊరికే మర్యాదకు అడిగాను. అతను నా పెన్ను వైపు చూసి, "నన్ను అడగాల" అన్నాడు.

"ఏమడగాల?"

"ఏందైనా. నన్ను అడగాల."

చివర్లో రాశాను. ఆత్మకూరు పోయి మంచి కాగితం మీదికి ఎక్కించేటప్పుడు ఆ మాటను మొదటికి తెచ్చాను. పెంచలయ్య వేలిముద్ర వేశాడు, మిగతావాళ్లు సంతకాలు పెట్టారు.

బ్యాంకులో తల ప్రాణం తోకకొచ్చింది. మేనేజరు కుర్రవాడు, చెడ్డవాడు కాదు, భయస్థుడు. చట్టం కాపీ ముందు పెట్టాను. పై ఆఫీసుకు ఫోన్ చేసుకుంటానన్నాడు, గంట కూర్చున్నాం. ఇద్దరు సాక్షులతో వేలిముద్ర చాలని చివరికి ఒప్పుకుని, "జాయింటు ఖాతా ఈయనకు ఇష్టమేనా?" అని అడిగాడు. "ఇష్టమే సార్" అని రమణమ్మ అనేసింది. నేను దగ్గాను. ఆమె నాలుక్కరుచుకుంది. అప్పుడు మేనేజరు పెంచలయ్యను అడిగితే, అతను తీరిగ్గా ఫ్యాను వైపు చూసి, మేనేజరు వైపు చూసి, "అక్కైతే ఇష్టమే" అన్నాడు. ఫైలు కట్టకుండా ఆరోజు ఇంటికి పోతుంటే నాకు చెప్పలేనంత తేలిగ్గా ఉంది.

రెండు దినాలు

మద్రాసులో ఆపరేషన్ బాగా జరిగింది. గొర్రెలు అమ్మలేదు, పెంచలయ్య పల్లెలోనే ఉన్నాడు. ఈ మధ్యలో ఒకసారి అతనికి జ్వరమొస్తే మాలకొండయ్య దుత్తలూరు తీసుకుపోయి చూపించాడు. సూది వద్దన్నాడట, డాక్టరు మాత్రలే ఇచ్చాడట. వాటిని పూటకొకటిగా మాలకొండయ్య భార్య ఇచ్చింది.

రమణమ్మ ఆత్మకూరు తిరిగొచ్చి పక్షం రోజులయ్యాక నాకు ఫోన్ చేసింది. గొంతు ఇంకా బలహీనంగానే ఉంది.

"మావోడు వచ్చినాడు సార్, నన్ను చూసేదానికి. మాలకొండయ్య బస్సులో తెచ్చి దించి పొయ్యినాడు. పొద్దు తిరిగేసరికి వీడు చెప్పులేసుకుని వాకిట్లో నిలబడినాడు. ఎప్పట్లాగా చెయ్యి పట్టుకుని లోపలికి లాగుదామనుకున్నా. కుట్లు లాగుతాయని లెయ్యలేకపోయినా. మంచం మీదనుంచే అడిగినా. అబ్బయ్యా, ఉంటావా నాలుగు దినాలు, అని."

"ఏమన్నాడు?"

"శానాసేపు ఆలోచించినాడు. నాలుగొద్దు, రెండు దినాలు ఉంటా అన్నాడు. చెప్పులు ఇడిసి లోపలికి వచ్చినాడు. ఈ పొద్దే పొయ్యినాడు, రెండు దినాలూ నా మంచం కాడే కూర్చున్నాడు సార్." అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"నలభై ఏండ్లకు మొదటిసారి అడిగినా సార్" అంది. "అడిగితే ఉన్నాడు."